కస్టమర్ల దగ్గర మన సిస్టమ్‌లు ఎంత నిలకడగా నడుస్తున్నాయో ఎలా తెలుసుకుంటున్నారు?

నిలకడ:
అందరికీ నమస్కారం. మాది చిన్న సంస్థ. మేము తయారుచేసిన నమోదు సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌తో సహా కస్టమర్ దగ్గర అమర్చి, ఆ తర్వాత నిర్వహణ కూడా మేమే చూస్తాం. ఇప్పుడు 64 చోట్ల నడుస్తోంది. ఒక్కో చోట ఒక సర్వర్, దానికి కలిపిన నాలుగైదు కౌంటర్ కంప్యూటర్లు. మా కార్యాలయం గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో 64 గళ్లు. గడి పచ్చగా ఉంటే అక్కడ అంతా సవ్యంగా ఉన్నట్టు.

పోయిన వారం వేరే పని మీద ఒక కస్టమర్ దగ్గరకు వెళ్లాను. సర్వర్ పెట్టె ముందు భాగాన చిన్న చీటీ అంటించి ఉంది. "ఆగిపోతే ఈ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కాసేపు ఆగి మళ్లీ నొక్కండి" అని బాల్‌పెన్‌తో రాసి, బటన్ వైపు బాణం గీశారు. చీటీ అంచులు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి. పాత టేపు ఊడివస్తుంటే దాని మీదే కొత్త టేపు వేశారు. కౌంటర్‌లో పనిచేసే ఆవిడను అడిగితే, "దాదాపు రోజూ పొద్దున ఒకసారి నొక్కాల్సి వస్తుందండీ, మాకు అలవాటైపోయింది" అన్నారు. మాకెందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. చెప్పకుండానే తెలుసుకోవలసింది మేము.

తిరిగి వచ్చి చూస్తే ఆ గడి మూడు నెలలుగా ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. నెలవారీ నివేదికలో లభ్యత, అంటే మొత్తం కాలంలో సిస్టమ్ పనిచేసిన భాగం, 100 శాతం. ఆ నివేదిక మీద సంతకం నాదే. రెండు రోజులుగా అదే మనసులో మెదులుతోంది. మిగతా 63 చోట్ల ఇంకెన్ని చీటీలు ఉన్నాయో నాకు తెలియదు.

నేను నిజానికి కొలుస్తున్నది ఏమిటి? కొలవాల్సింది ఏమిటి? ఇలాంటి పని చేస్తున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

రాత్రిషిఫ్టు:
ముందు రెండు విషయాలు చెప్పండి. మీ మానిటరింగ్ ఎంత సేపటికి ఒకసారి సర్వర్‌ను పలకరిస్తుంది? ఎన్నిసార్లు జవాబు రాకపోతే గడి ఎర్రబడుతుంది?

నిలకడ:
5 నిమిషాలకు ఒకసారి పింగ్, అంటే "ఉన్నావా" అని సర్వర్‌కు పంపే చిన్న పలకరింపు. వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే ఎరుపు. మొదట్లో ఒక్కసారికే ఎరుపు వచ్చేలా పెట్టాం. లింకు కాస్త తడబడినా అర్ధరాత్రి ఫోన్లు మోగేవి. అందుకే పెంచాం.

రాత్రిషిఫ్టు:
మీ చీటీ ఎందుకు కనబడలేదో అక్కడే తెలిసిపోయింది. మూడు పలకరింపులు వరుసగా తప్పాలంటే సర్వర్ కనీసం 10 నిమిషాలు పడిపోయి ఉండాలి. బటన్ నొక్కి మళ్లీ పైకి తేవడానికి నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. రోజుకు పదిసార్లు అలా జరిగినా మీ తెరకు ఒక్కటీ అందదు. అర్ధరాత్రి ఫోన్లు తగ్గించడానికి వేసిన జల్లెడలోంచి అసలైన వైఫల్యాలు కూడా జారిపోయాయి.

ఇంకొకటి. పింగ్‌కు జవాబు ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొర. మీ సాఫ్ట్‌వేర్ కొయ్యబారిపోయినా, డేటాబేస్ తాళం పడి కూర్చున్నా, ఆ పొర జవాబిస్తూనే ఉంటుంది. ఆవిడ ముందు తెర కదలకుండా ఉన్న ఆ నిమిషాల్లో మీ గడి పచ్చగానే ఉండి ఉంటుంది.

పలకరింపుల సంఖ్య పెంచితే ఇది పరిష్కారం కాదు. ప్రతి యంత్రం తన రీస్టార్ట్‌ల చరిత్రను తానే రాసుకుంటుంది, దాన్ని అడిగి తీసుకోండి. మీ సర్వర్లు విండోస్ అయితే సిస్టమ్ ఈవెంట్ లాగ్‌లో, అంటే యంత్రం తనకు జరిగినవి నంబర్లతో రాసుకునే చిట్టాలో, 6005 అంటే లాగ్ సేవ మొదలైంది, 6006 అంటే పద్ధతిగా ఆగింది, 6008 అంటే అంతకు ముందు ఆగినది అనుకోకుండా జరిగింది. 41వ నంబరుతో ఉండే కెర్నల్ పవర్ నమోదు కూడా చూడండి, యంత్రం పద్ధతిగా ఆగకుండా మళ్లీ లేచిందని అది చెబుతుంది. ఎవరైనా మెనూలోకి వెళ్లి ఆపితే 1074 పడుతుంది, అందులో ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్ ఆపారో ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుంటే 1074 ఉండదు, 6008 ఉంటుంది. ఈ రెండింటి తేడాయే మీకు సగం కథ చెబుతుంది. లినక్స్ అయితే జర్నల్‌సీటీఎల్‌లో బూట్‌ల జాబితా అడగండి, లేదా లాస్ట్ కమాండును ఎక్స్ ఆప్షన్‌తో నడపండి.

ఇవి పాత లాగుల్లో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా ఏదీ అమర్చకుండానే ఈ రోజే ఆ ఒక్క చోట చూడవచ్చు.

తీగలమనిషి:
రాత్రిషిఫ్టు గారు చెప్పినది యంత్రం లోపలి సంగతి. నేను దారి గురించి చెబుతాను. ఇరవై ఏళ్లుగా కస్టమర్ల దగ్గర నెట్‌వర్క్‌లు వేసి, వాటిని దూరం నుంచి కాపాడుతున్నాను.

మీరు బయటి నుంచి లోపలికి తొంగిచూస్తున్నారు. మీకూ సర్వర్‌కూ మధ్య మీ లింకు, వారి సర్వీస్ ప్రొవైడర్, వారి రూటర్, వారి ఫైర్‌వాల్, వారి స్విచ్ ఉన్నాయి. పింగ్ రాకపోతే వీటిలో ఏది పడిపోయిందో మీకు తెలియదు. దానికి బదులు లోపలి నుంచి బయటికి పంపే పద్ధతి పెట్టుకోండి. ప్రతి చోట సర్వర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ నిమిషానికి ఒకసారి "నేను ఉన్నాను" అని మీకు సందేశం పంపాలి. 443వ పోర్టు మీద బయటికి వెళ్లే దారి సాధారణంగా ప్రతి ఫైర్‌వాల్‌లోనూ తెరిచే ఉంటుంది కాబట్టి, కస్టమర్ తన గోడకు కొత్త కన్నం పెట్టనక్కరలేదు. సందేశం రావడం ఆగితే మీ దగ్గర గంట మోగుతుంది. అంటే మీరు వార్త కోసం చూడరు, వార్త రాకపోవడమే వార్త.

ఇందులో నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి రెండు ఉన్నాయి. ప్రతి సందేశానికీ వరుస సంఖ్య ఉండాలి. లింకు తెగినప్పుడు సందేశాలు అక్కడి డిస్కులోనే దాచుకుని, లింకు వచ్చాక పాతవన్నీ పంపాలి. ఉదాహరణకు 4,120 తర్వాత అరగంట నిశ్శబ్దం, ఆపైన 4,121 నుంచి 4,150 వరకు ఒక్కసారిగా వచ్చాయనుకోండి. సర్వర్ నడుస్తూనే ఉంది, లింకే తెగింది. అదే నిశ్శబ్దం తర్వాత మళ్లీ 1 నుంచి మొదలైతే యంత్రమే పడిపోయింది. ఈ తేడా తెలియకపోతే లింకు పాపాన్ని సర్వర్ మీద, సర్వర్ పాపాన్ని లింకు మీద వేస్తూ కూర్చుంటాం.

రెండోది, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ట్రాప్‌ల మీద, అంటే నెట్‌వర్క్ పరికరాలు తమంతట తాము పంపే హెచ్చరికల మీద, పూర్తిగా ఆధారపడకండి. అవి యూడీపీ మీద 162వ పోర్టుకు వెళ్తాయి, చేరాయో లేదో పంపినవాడికి తెలియదు. లాగులను వేరే యంత్రానికి పంపే పాత పద్ధతి సిస్‌లాగ్ కూడా అంతే, యూడీపీ 514. కరెంటు పోయినప్పుడు సర్వర్ యూపీఎస్ మీద బతికే ఉంటుంది, "నా మీద విద్యుత్తు పోయింది" అని ట్రాప్ పంపుతుంది. కానీ రూటర్‌కు యూపీఎస్ ఉండదు. ఆ సందేశం గోడ దాటదు. నేను వెళ్లిన ప్రతి చోటా ముందు రూటర్ తీగ పట్టుకుని అది ఏ ప్లగ్‌లోకి వెళ్తుందో చూస్తాను.

పాతకాపు:
నిలకడ గారూ, మీరు చూసిన చీటీ ఈ రంగంలో చాలా పాత విషయం. అందరూ ఆలస్యంగా కనుక్కునే విషయం కూడా. కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి.

ఎప్పుడూ ఆగకూడదని తయారుచేసిన కంప్యూటర్లకు టాండెం సంస్థ పేరుపడింది. అక్కడ పనిచేసిన జిమ్ గ్రే 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగుతాయి అనే ప్రశ్న పెట్టుకుని కస్టమర్ల దగ్గరి 2,000కు పైగా సిస్టమ్‌లలో 7 నెలల పాటు నివేదించిన వైఫల్యాలను విడదీసి చూశారు. కొత్తగా అమర్చినప్పుడు వచ్చే తొలినాళ్ల లోపాలను పక్కన పెట్టాక తేలింది ఇది. నిర్వహణ, ఆపరేషన్, కాన్ఫిగరేషన్ పొరపాట్లు 42 శాతం. సాఫ్ట్‌వేర్ 25 శాతం. హార్డ్‌వేర్ 18 శాతం. విద్యుత్తు వంటి పరిసర కారణాలు 14 శాతం. పెట్టెలోని ఇనుము తప్పు అయిదో వంతు కూడా లేదు.

ఆయనే 1990లో మళ్లీ లెక్క తీస్తే పటం మారిపోయింది. నివేదించిన వాటిలో సాఫ్ట్‌వేర్ 62 శాతం, ఆపరేషన్ 15 శాతం. ఇక్కడే మీకు పనికివచ్చే మాట ఉంది. ఆపరేషన్ తప్పులు, పరిసరాల తప్పులు తమ వరకు సరిగా రావడం లేదని ఆ నివేదికే ఒప్పుకుంది. తన చేతి పొరపాటును తయారీదారుకు ఫోన్ చేసి ఎవరు చెబుతారు? బటన్ నొక్కితే సరిపోయే దానికి ఎవరు ఫిర్యాదు రాస్తారు? కస్టమర్ చెప్పినదే లెక్క అనుకుంటే, మనకు అందేది వారికి విసుగు పుట్టించినవి మాత్రమే. వారికి అలవాటైపోయినవి అందవు.

ఆ తర్వాత 1995లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ నుంచి మర్ఫీ, జెంట్ అనే ఇద్దరు ఒక వ్యాసం ప్రచురించారు. కస్టమర్ల దగ్గర ఉన్న, ఆ సంస్థ తయారుచేసిన వ్యాక్స్ కంప్యూటర్ల నుంచి సమాచారాన్ని మనిషి చెప్పే అవసరం లేకుండా, యంత్రమే సేకరించి పంపేలా చేసిన పద్ధతి అది. మీరు ఇప్పుడు కట్టబోయేది దానికి మనుమడు వంటిది.

ఒక సలహా. కారణాల పట్టిక ముందే రాసిపెట్టుకోండి, అందులో "తెలియదు" అనే గడి తప్పకుండా ఉంచండి. ఆ గడి లేకపోతే మీ ఇంజినీర్లు తెలియనివన్నీ "హార్డ్‌వేర్" కింద రాసేస్తారు. ఏడాది తర్వాత ఆ పట్టిక చూసి మీరు తప్పు వస్తువు మార్పిస్తారు. తెలియదు గడిలో ఎన్ని ఉన్నాయో చూడటమే ఒక కొలత.

కొత్తగాచేరిన:
నేను ఈ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఒక సందేహం. అప్‌డేట్ కోసం మేమే రీస్టార్ట్ చేస్తే దాన్ని వైఫల్యంగా లెక్కించాలా? మా దగ్గర లెక్కించరు. ముందే చెప్పి ఆపాం కాబట్టి డౌన్‌టైమ్ (సిస్టమ్ ఆగిన కాలం) కాదంటారు.

రాత్రిషిఫ్టు:
ఒప్పందాల్లో సాధారణంగా మినహాయింపు ఉంటుంది. ముందు చెప్పి, చెప్పిన వేళలో, చెప్పినంతసేపే ఆపితే అది వైఫల్యం కాదు. అందులో తప్పేమీ లేదు.

పాతకాపు:
ఒప్పందానికి సరిపోతుంది, కానీ మీ లోపలి లెక్కకు సరిపోదు. ఇరవై నిమిషాలు అని చెప్పిన పని మూడు గంటలు పట్టిన రోజులు నేను చాలా చూశాను. మొదటి ఇరవై నిమిషాలు పథకం ప్రకారం, తర్వాత రెండు గంటల నలభై నిమిషాలు ఏమిటి? చాలా సంస్థలు మొత్తాన్ని మినహాయింపులో వేసుకుంటాయి. కౌంటర్ ముందు నిలబడిన మనిషికి మాత్రం తెర నల్లగా ఉండటం ఒక్కటే తెలుస్తుంది. అన్నీ రాసుకోండి, వేరే వరుసలో రాసుకోండి, చెరిపేయకండి. ఏడాది చివర ఆ వరుసే ఎక్కువ పొడవుంటే మీ అప్‌డేట్ పద్ధతినే మార్చాలి.

రాత్రిషిఫ్టు:
వేరే వరుస అంటే ఒప్పుకుంటాను.

గణాంకం:
లెక్కల వైపు నుంచి నాకు రెండు మాటలు ఉన్నాయి, రెండూ మీ 64 మీదే.

మీ తెర ప్రకారం 64 చోట్లా 90 రోజులు ఒక్క వైఫల్యమూ లేదనుకుందాం. అంటే 5,760 సిస్టమ్ రోజులు. ఇలా సున్నా వచ్చినప్పుడు చాలామంది "ఇక ఆగదు" అనుకుంటారు. లెక్క అంతవరకు వెళ్లనివ్వదు. వైఫల్యాలు యాదృచ్ఛికంగా ఒకే రేటున వస్తాయనుకుంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది మొత్తం కాలాన్ని 3తో భాగిస్తే వచ్చే సంఖ్య. అంటే రెండు వైఫల్యాల మధ్య సగటు కాలం, ఎంటీబీఎఫ్, కనీసం 1,920 రోజులు. ఒక్క వైఫల్యం కనబడితే 3కు బదులు 4.74తో భాగించాలి, అప్పుడు కనీసం 1,215 రోజులు. ఒక్కటి తప్పిపోతే చాలు, మీరు చెప్పే మాటలో మూడో వంతు కంటే ఎక్కువ పోతుంది. మీకు ఎన్ని తప్పిపోయాయో ఇంకా తెలియదు.

రెండోది సగటు గురించి. చీటీ ఉన్న చోట రోజుకు ఒకసారి ఆగుతోంది, మిగతా 63 చోట్ల అసలు ఆగడం లేదు అనుకుందాం. 5,760 రోజుల్లో 90 వైఫల్యాలు, సగటు 64 రోజులు. ఆ సంఖ్యను నివేదికలో వేస్తే చూసేవారు "రెండు నెలలకు ఒకసారి ఆగుతుంది, ఫరవాలేదు" అంటారు. కానీ 64 రోజులకు ఒకసారి ఆగే సిస్టమ్ మీ దగ్గర ఒక్కటి కూడా లేదు! ఒకటి రోజూ ఆగుతోంది, మిగతావి ఆగడం లేదు. అందుకే సగటు వేయకముందు చోటుకు ఒక వరుస చొప్పున రాసి, అత్యధికంగా ఆగిన చోట్లను పైన పెట్టి చూడండి.

లభ్యత శాతం కూడా ఇలాగే దాచిపెడుతుంది. 99.9 అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు ఆగవచ్చు. ఒకేసారి ఎనిమిది గంటలు ఆగినా 99.9, రోజుకు నిమిషంన్నర చొప్పున ఏడాది పొడవునా ఆగినా దాదాపు 99.9. మొదటిదానిలో ఒక రోజు పోతుంది. రెండోదానిలో ప్రతి రోజూ ఎవరో టైపు చేస్తున్న వివరాలు పోతాయి, మనిషికి యంత్రం మీద నమ్మకం పోతుంది. ఎంతసేపు ఆగిందో చెప్పే ప్రతి చోటా ఎన్నిసార్లు ఆగిందో కూడా చెప్పాలి.

తీగలమనిషి:
గణాంకం గారి లెక్కకు ముడిసరుకు గురించి ఒక హెచ్చరిక. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ద్వారా అప్‌టైమ్, అంటే ఎంతకాలంగా నడుస్తోందన్న లెక్క, తీసుకుంటున్నవారు గమనించండి. ఆ లెక్క సెకనులో నూరో వంతుల్లో 32 బిట్లలో ఉంటుంది. దాదాపు 497 రోజులకు నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాదిన్నర పాటు కదలకుండా నడిచిన స్విచ్‌లు నా నివేదికలో ఒకే వారంలో వరుసగా రీస్టార్ట్ అయినట్టు కనబడ్డాయి. అన్నీ ఒకే వారంలో అమర్చినవి మరి. కస్టమర్‌కు ఫోన్ చేసి కరెంటు సమస్య ఉందా అని అడిగాను కూడా. పాపం ఆయన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు.

పైగా ఆ లెక్క యంత్రం ఎప్పుడు లేచిందో చెప్పదు, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ఏజెంట్, అంటే ఆ సమాచారం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్, ఎప్పుడు మొదలైందో చెబుతుంది. ఏజెంట్‌ను ఆపి వేసినా సున్నా అవుతుంది. ఎన్ని రోజులుగా నడుస్తోంది అని అడగడం మాని, ఏ తేదీన ఏ సమయానికి లేచావు అని అడగండి.

సమయం అన్నాను కాబట్టి, అన్ని చోట్లా ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతి, ఉందో లేదో చూడండి. గడియారాలు కలవకపోతే ఏది ముందు ఏది వెనుక అనేది ఎన్ని లాగులున్నా తేలదు.

కాపలా:
ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. కస్టమర్ సర్వర్‌లో మీరు పెట్టబోయే ఆ చిన్న ప్రోగ్రామ్‌కు ఎన్ని హక్కులు ఇస్తారు? అది ఏమేమి చదువుతుంది? కస్టమర్‌కు చెప్పారా?

మానిటరింగ్ ప్రోగ్రామ్ అంటే అన్ని ఇళ్ల తాళంచెవులూ ఉన్న గుత్తి. 2020లో సోలార్‌విండ్స్ ఓరియన్ అప్‌డేట్‌లో దొంగ కోడ్ చేరినట్టు బయటపడింది. ఆ అప్‌డేట్ 18,000 దాకా కస్టమర్లకు వెళ్లి ఉండవచ్చని ఆ సంస్థే తెలిపింది. అది నెట్‌వర్క్‌లను కాపాడటానికి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. అందులో దాడి ఏదీ లేదు. కాపలా కాయాల్సిన సాఫ్ట్‌వేరే కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున, కూర్చుని యంత్రాన్ని పడగొట్టింది.

కాబట్టి మీ ప్రోగ్రామ్ చదవగలగాలి, రాయకూడదు. అడ్మిన్ హక్కులు లేని ఖాతాలో నడవాలి. మీ కార్యాలయం నుంచి ఆదేశాలు తీసుకునే దారి దానికి ఉండకూడదు. నమోదు సాఫ్ట్‌వేర్ అన్నారు, అంటే అందులో మనుషుల వివరాలు ఉంటాయి. లాగులు పంపేటప్పుడు ఎర్రర్ సందేశాల్లోకి పేర్లు, ఫోన్ నంబర్లు జారిపోతాయి. పూర్తి లాగు పంపకండి. ఈవెంట్ నంబరు, సమయం, మూలం చాలు. కొత్త వెర్షన్ ఒకేసారి 64 చోట్లకు పంపకండి. ముందు మీ సొంత యంత్రం, తర్వాత రెండు చోట్లు, వారం ఆగి మిగతావి.

రాత్రిషిఫ్టు:
కాపలా గారితో దాదాపు ఏకీభవిస్తాను. ఒక్కచోట విభేదం. ఆదేశాలు తీసుకునే దారి అసలే లేకపోతే, ఏజెంట్ (మీరు పెట్టే ఆ చిన్న ప్రోగ్రామ్) చెడిపోయినప్పుడు 64 చోట్లకు మనిషి వెళ్లాలి. సంతకం చేసిన అప్‌డేట్ మాత్రమే, అదీ కస్టమర్ అనుమతించిన వేళలో మాత్రమే తీసుకునే సన్నని దారి ఉంచడం మేలని నా అనుభవం. దాని మీద ఎప్పుడూ కన్ను ఉండాలి.

నిలకడ గారికి ఇంకొక మాట. రీస్టార్ట్‌లు లెక్కించడం మొదటి మెట్టు. రెండో మెట్టు, కౌంటర్‌లో మనిషి చేసే పనిని మీ ప్రోగ్రామే రెండు నిమిషాలకు ఒకసారి చేసి చూడటం. ఒక డమ్మీ నమోదు తెరిచి, సేవ్ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. ఆవిడ చెయ్యి బటన్ మీదకు వెళ్లడానికి ముందు జరిగినది ఏమిటో దానిలో కనబడుతుంది.

కొత్తగాచేరిన:
నిలకడ గారూ, ఆ చీటీ ఉన్న చోట లాగు చూశారా? ఏమైందో తెలుసుకోవాలని ఉంది.

నిలకడ:
ఆలస్యానికి మన్నించండి. అందరికీ ధన్యవాదాలు. దాదాపు నాలుగు వారాలు ఇదే పని మీద ఉన్నాను. జరిగినది మొత్తం రాస్తాను.

ముందు చీటీ ఉన్న చోట గత 20 పనిదినాల ఈవెంట్ లాగ్ తీశాను. 6008 నమోదులు 18. వాటికి ముందు 1074 ఒక్కటి కూడా లేదు, అంటే అన్నీ బటన్‌తో ఆపినవే. సమయాలు చూస్తే అన్నీ పొద్దున 9 గంటల 5 నిమిషాలకూ 9:20కీ మధ్య ఉన్నాయి. యాదృచ్ఛికంగా పడిపోయే యంత్రం గడియారం చూసి పడిపోదు కదా.

కస్టమర్ యజమానికి అంతా వివరించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, రాత్రిషిఫ్టు గారు చెప్పిన డమ్మీ నమోదు అక్కడ పెట్టాను. మూడు రోజులు గమనించాను. తెల్లవారుజామున 2 గంటల దాకా సేవ్ అవడానికి సెకను కంటే తక్కువ. 2 దాటాక 11 సెకన్లు, 14 సెకన్లు. 9 గంటలకు నాలుగు కౌంటర్లూ ఒకేసారి తెరవగానే 70 సెకన్లు దాటింది. సర్వర్ ఆగిపోలేదు, ఎదురుచూస్తోంది. కౌంటర్‌లో కూర్చున్నవారికి అది ఆగిపోయినట్టే కదా. బటన్ నొక్కారు. లేచాక మళ్లీ సెకను కంటే తక్కువ.

2 గంటలకు మొదలయ్యేది బ్యాకప్. మేము పెట్టినదే, బయటి యూఎస్‌బీ డిస్కుకు వెళ్తుంది. మామూలుగా గంట లోపు అయిపోవాలి. ఇక్కడ పొద్దున 9 దాకా నడుస్తూనే ఉంది. కారణం డిస్కు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను స్మార్ట్ విలువలు అంటారు. మా ఏజెంట్ వాటిని లోపలి డిస్కు నుంచి మాత్రమే తీసుకుంటోంది. బయటి డిస్కును యూఎస్‌బీ వంతెన మీదుగా చదవాలంటే ఆ విలువలు చదివే స్మార్ట్‌సీటీఎల్ కమాండుకు శాట్ ఆప్షన్ ఇవ్వాలి, మేము ఇవ్వలేదు. ఇచ్చి చూస్తే 197వ లక్షణం, అంటే చదవలేక పెండింగ్‌లో పడిన సెక్టార్లు (డిస్కులోని చిన్న భాగాలు), 312 ఉన్నాయి. రాసిన ప్రతి భాగాన్నీ బ్యాకప్ తిరిగి చదివి సరిచూస్తుంది, చదవలేని చోట డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఆ ప్రయత్నాల వరుస ఖాళీ అయ్యేదాకా డేటాబేస్ ఆగుతోంది.

ఇక్కడివరకు వచ్చాక ఇంకొకటి తట్టి ఒళ్లు చల్లబడింది. ఆవిడ బటన్ నొక్కినప్పుడల్లా బ్యాకప్ మధ్యలో చచ్చిపోతోంది. అందుకే ఆ తర్వాత యంత్రం చురుకుగా ఉంటోంది. అందుకే "నొక్కితే బాగవుతుంది" అని వారికి నమ్మకం కుదిరింది, చీటీ అంటించారు. మా తెర మీద బ్యాకప్ గడి మాత్రం పచ్చగానే ఉంది, ఎందుకంటే మేము చూసింది "బ్యాకప్ మొదలైందా" అని, "ముగిసిందా" అని కాదు. చివరిసారి బ్యాకప్ పూర్తయింది 26 రోజుల కిందట. ఆ మధ్యలో లోపలి డిస్కు పోయి ఉంటే 26 రోజుల నమోదులు తిరిగి వచ్చేవి కావు. ఆ కస్టమర్‌కు ఈ మాట నేనే స్వయంగా వెళ్లి చెప్పాను. చెప్పడం కష్టమైంది, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

డిస్కు మార్చాం. మొదటి రాత్రి బ్యాకప్ 2:50కి ముగిసింది. మర్నాడు 64 చోట్లా "చివరి బ్యాకప్ ఎప్పుడు ముగిసింది" అని అడిగించాను. మరో మూడు చోట్ల వారం దాటింది.

పాతకాపు:
ఆ మూడు చోట్లకు ఈ రోజే మనిషిని పంపించండి, మిగతా చర్చ తర్వాత.

నిలకడ:
నిన్ననే వెళ్లారు పాతకాపు గారూ. రెండు చోట్ల డిస్కు నిండిపోయింది, ఒక చోట ఎవరో తీగ పీకి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు. మూడింటిలోనూ ఇప్పుడు పూర్తి బ్యాకప్ ఉంది. మీరు చెప్పిన కారణాల పట్టికలో వీటిని నిర్వహణ కింద రాశాను.

గణాంకం:
స్మార్ట్ విలువలు దొరికాయని అక్కడే ఆగిపోకండి. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద ప్రచురించిన అధ్యయనంలో, మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్కు తన ఉపరితలాన్ని తానే పరీక్షించుకున్నప్పుడు దొరికే లోపం) వచ్చిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం అలాంటి ఎర్రర్ లేనివాటి కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి సంకేతం వస్తే వెంటనే మార్చండి. కానీ అదే అధ్యయనంలో, పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో, గట్టివని తేలిన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ కనబడలేదు. సంకేతం లేదు కాబట్టి డిస్కు బాగుంది అనుకోవడానికి లేదు. బ్యాకప్ పూర్తయిందా, తిరిగి తెరుచుకుంటుందా అనేది చూడటమే దారి.

అదే ఏడాది ష్రోడర్, గిబ్సన్ ప్రచురించిన మరో అధ్యయనం కూడా దాదాపు లక్ష డిస్కుల మీదే. తయారీదారు కాగితాల మీద ఎంటీటీఎఫ్, అంటే పాడయ్యేదాకా నడిచే సగటు కాలం, 10 లక్షల నుంచి 15 లక్షల గంటలు, అంటే ఏడాదికి గరిష్ఠంగా 0.88 శాతం పాడవాలి. వారు వాస్తవంలో చూసినది తరచుగా 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 దాకా. మీ 64 చోట్ల లోపలిదీ బయటిదీ కలిపి 128 డిస్కులు ఉంటే, ఏడాదికి మూడు నుంచి అయిదు మార్చడానికి సిద్ధంగా ఉండండి.

నిలకడ:
చాలా ఉపయోగపడింది. నిన్న ఆ మొదటి చోటి నుంచి ఆవిడ ఫోన్ చేశారు. డిస్కు మార్చి ఐదు పనిదినాలు అయింది, ఒక్కసారి కూడా బటన్ ముట్టుకోలేదట. "చీటీ తీసేయమంటారా?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఐదు రోజులు చాలా, గణాంకం గారూ?

గణాంకం:
20 పనిదినాల్లో 18 అంటే రోజుకు 0.9. అదే రేటు కొనసాగుతూ ఉంటే, ఐదు రోజులు ఖాళీగా గడిచే అవకాశం నూటికి ఒకటి. కాబట్టి ఏదో మారిందన్నది ఖాయం. కానీ ఈ రీస్టార్ట్‌లు యాదృచ్ఛికమైనవి కావని మీరే చూపించారు, బ్యాకప్‌కు కట్టుబడినవి. అందువల్ల రోజులు లెక్కపెట్టడం కంటే, రోజూ పొద్దున 9 లోపు బ్యాకప్ ముగిసిందా అని చూడండి. నెలాఖరున నమోదులు ఎక్కువగా ఉంటాయంటే ఆ రాత్రి కూడా దాటనివ్వండి.

నిలకడ:
నెలాఖరున మూడింతలు ఉంటాయి. అయితే అంతవరకు చీటీ ఉంచమని చెబుతాను. కింద మా ఫోన్ నంబరు కూడా రాయమంటాను, బటన్ నొక్కే ముందు మాకు చెప్పేలా.

ఇంకో ప్రశ్న. కొత్త లెక్కలో రెండో స్థానంలో ఉన్న చోట 20 రోజుల్లో 7 రీస్టార్ట్‌లు. అన్నింటికీ ముందు 1074 ఉంది, యూజర్ పేరు ఒకటే, సమయం సాయంత్రం 5:30 దాటాక. అక్కడ గడియారం 17 నిమిషాలు వెనుక ఉంది, సరిచేశాను. ఆ యూజర్ ఖాతాను నలుగురు వాడతారట. రేపు నేనే వెళ్తున్నాను. అక్కడ ఏమేమి చూడాలో ఎవరైనా చెబుతారా?

తీగలమనిషి:
సర్వర్ పెట్టెకు అంటించినవన్నీ చదవండి. తర్వాత రూటర్ ప్లగ్.

రాత్రిషిఫ్టు:
5:30 లోపే వెళ్లి కూర్చోండి. ఎవరినీ ఏమీ అడగకండి, ఎవరు వచ్చి ఆపుతారో, ఆపే ముందు తెర మీద ఏముందో చూడండి. ఆ తెరను ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, వివరాలు కనబడకుండా.